చెల్లని పెళ్లికి శిక్ష ఎవరికి?

మేనమామను పెళ్లాడటం నేరం. అత్త కొడుకును చేసుకోవడమూ నేరమే. శిక్ష నెల రోజుల దాకా సాధారణ జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. హిందూ వివాహ చట్టం, 1955లో 5వ సెక్షన్‌నూ 18వ సెక్షన్‌నూ పక్కపక్కన పెట్టి చదివితే మొదట కనిపించేది ఇదే. తెలుగునాట ఏ పెళ్లి పందిట్లో ఈ మాట చదివి వినిపించినా సగం మంది నమ్మరు, మిగతా సగం తమ వరసలు లెక్కపెట్టుకుంటారు.

అదే చట్టం పక్కనే ఒక తలుపు తెరిచి ఉంచింది. ఆ ఇద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే ఆ పెళ్లి చెల్లుతుంది. మన మేనరికాలన్నీ ఆ తలుపులోంచే నడిచి వచ్చాయి. ఉత్తరాది కట్టుబాటు దేశానికంతటికీ నియమమైంది, దక్షిణాది కట్టుబాటు దానికి మినహాయింపుగా మిగిలింది. దక్షిణాది వాళ్లు మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకుంటారని బౌధాయన ధర్మసూత్రం కూడా ప్రత్యేకంగా రాసిపెట్టింది. అంటే ఈ తేడా చట్టసభలకు రెండు వేల ఏళ్ల ముందే అందరికీ తెలుసు.

అయితే మినహాయింపు మీద బతికే పెళ్లికి ఒక చిక్కు ఉంది. ఆచారం తరతరాలుగా, తెగకుండా, ఒకే తీరుగా సాగుతూ ఉండాలి. స్పష్టంగా ఉండాలి. ప్రజాహితానికి విరుద్ధంగా ఉండకూడదు. ఉందని చెప్పేవాళ్లే దాన్ని రుజువు చేయాలి. కాపురం సజావుగా సాగినన్నాళ్లు ఎవరూ ఏమీ అడగరు. ఆస్తి తగాదా వచ్చినప్పుడో, భార్యను వదిలించుకోవాలని భర్తకు బుద్ధి పుట్టినప్పుడో కోర్టులో ఆ ప్రశ్న లేస్తుంది: మీ కులంలో ఈ ఆచారం ఉందనడానికి సాక్ష్యమేమిటి? జవాబు చెప్పాల్సిన వంతు ఎక్కువగా భార్యదే అవుతుంది. ఢిల్లీలో ఒక మహిళకు ఇదే జరిగింది. దూరపు వరసలో బంధువైన భర్త, మనది సపిండ వివాహం, అంటే ఒకే పూర్వీకుల సంతతి మధ్య పెళ్లి, కాబట్టి చెల్లదని కోర్టుకెక్కి గెలిచాడు. ఆ నిబంధన రాజ్యాంగానికే విరుద్ధమని ఆమె వాదిస్తే 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు కాదంది.

ఈ కథనానికి మూలం అక్కడే ఉంది. నిషేధిత వివాహాల చట్టాల్లో రాసి ఉన్న జైలు ఒకరికి, నిజంగా పడే శిక్ష ఇంకొకరికి. ఆ ఇంకొకరు ఎవరో చూడటానికి సికింద్రాబాద్ కంటే అనువైన ఊరు లేదు.

ఒక్క ఊరు, ఎన్నో నిషేధాలు

1806లో మూడో నిజాం సికందర్ జా పేరుతో వెలసిన కంటోన్మెంట్ ఊరు ఇది. సైన్యం వెంట, వ్యాపారం వెంట, రైలు వెంట రకరకాల మనుషులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్లతోపాటు వాళ్ల పెళ్లి కట్టుబాట్లూ వచ్చాయి. ఎస్.డి. రోడ్డులో సెయింట్ మేరీస్ చర్చి ఉంది. ఎం.జి. రోడ్డులో 1847 నాటి పార్శీ అగ్ని మందిరం ఉంది. ఉజ్జయినీ మహాంకాళి గుడి, మసీదులు, ఆర్యసమాజ మందిరం, గురుద్వారా అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే. ఒక్కో గడప దగ్గర 'చేసుకోకూడని వాళ్ల' జాబితా ఒక్కోలా ఉంటుంది.

హిందువుల ఇంట అక్క కూతుర్ని చేసుకోవచ్చు, చిన్నాన్న కూతురు మాత్రం చెల్లెలే. ముస్లింల ఇంట చిన్నాన్న కూతురితో పెళ్లికి అడ్డు లేదు, అక్క కూతురు మాత్రం హరామ్. ఒకే తల్లి పాలు తాగి పెరిగిన పిల్లలు రక్తబంధం లేకపోయినా తోబుట్టువులే, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. కేథలిక్కులకు మేనబావతో పెళ్లి చర్చి నియమం ప్రకారం నిషిద్ధమే, కాని బిషప్ అనుమతి తెచ్చుకుంటే జరుగుతుంది. పార్శీల 1936 చట్టం చివర ముప్పై మూడేసి వరసలతో రెండు పట్టికలు ఉన్నాయి, ఒకటి మగవాళ్లకు, ఒకటి ఆడవాళ్లకు. వాటిలో పెదనాన్న, చిన్నాన్న, మేనమామ పిల్లల పేరు లేదు. లంబాడాలతో సహా షెడ్యూల్డ్ తెగలకు హిందూ వివాహ చట్టమే వర్తించదు, వాళ్ల ఆచారమే వాళ్ల చట్టం.

వీటన్నిటికీ అవతల ప్రత్యేక వివాహ చట్టం, 1954 ఉంది. కులం, మతం అడ్డుగోడలు దాటాలనుకునే వాళ్లకు అదే దారి. విచిత్రమేమిటంటే వరస విషయంలో అన్నిటికంటే ఎక్కువ పట్టింపు దానిదే. దాని పట్టికలో ముప్పై ఏడేసి వరసలున్నాయి, మేనబావ, మేనమరదలు కూడా అందులో ఉన్నారు. 1963లో సవరించి ఆచారానికి చోటిచ్చారు గాని, ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉండాలన్నారు. పురోహితుడి ముందు తలంబ్రాలు పోసుకుంటే చెల్లే బావామరదళ్ల పెళ్లి, రిజిస్ట్రారు ముందు సంతకాలతో మొదలుపెడితే చెల్లకపోవచ్చన్నమాట. ఇద్దరు మనుషులు మారలేదు, బంధుత్వం మారలేదు, కౌంటరు మారింది.

విదేశాలకు వెళ్లే పిల్లలున్న ఇళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. అమెరికాలో పెళ్లి చట్టం రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియా, న్యూయార్క్ మేనబావతో పెళ్లిని ఒప్పుకుంటాయి. మన వాళ్లు వేలల్లో ఉన్న డాలస్ నగరం టెక్సాస్‌లో ఉంది. ఆ రాష్ట్రం 2005లో దాన్ని నిషేధించింది, అంతటితో ఆగక ఆ వరసలో లైంగిక సంబంధాన్ని రెండు నుంచి పదేళ్ల జైలు పడే నేరాల్లో చేర్చింది. మేనమామతో పెళ్లి అక్కడ ఏకంగా చెల్లదు. రోడ్ ఐలండ్ మాత్రం యూదులకు, వాళ్ల మతం ఒప్పుకున్నంత మేర, మినహాయింపు ఇచ్చింది. ఆచారాన్ని చట్టంలోకి రానివ్వడం మన ఒక్కరి పద్ధతే కాదు.

మేనరికాల ఆరోగ్య నష్టం వేరే చర్చ. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పిఠాపురంలో పుట్టిన జన్యుశాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణారావు 1960ల్లోనే, పి. మీరాఖాన్‌తో కలిసి, ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి బంధువుల పెళ్లిళ్లు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అని పరిశీలించి ప్రచురించారు. మేనమామ, మేనకోడలి బిడ్డకు ఒకే జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి, బావామరదళ్ల బిడ్డకు పదహారింట ఒకటి. బేగంపేటలోని జన్యు వ్యాధుల ఆసుపత్రి కౌన్సెలింగ్‌లో చెప్పేది ఇలాంటి లెక్కలే. ఈ పని డాక్టర్లు, సలహాలు చేయాలి. నెల రోజుల జైలుతో అయ్యేది కాదు.

ఆ నెల రోజుల జైలు, వెయ్యి రూపాయలు ఎక్కడివో కూడా చూడండి. 1929 నాటి శారదా చట్టంలో, ఇరవై ఒకటి దాటిన మగవాడు పసిపిల్లను పెళ్లాడితే శిక్ష ఇదే: నెల రోజులు, వెయ్యి రూపాయలు. 1955లో వరసల ఉల్లంఘనకు అదే అంకె వేశారు. ఆ వెయ్యి ఈ రోజుకీ వెయ్యే.

1992: ఒకే ఏడు, రెండు కాగితాలు

వరసల సంగతి పక్కన పెడదాం. కోర్టు మెట్లెక్కే చెల్లని పెళ్లిళ్లలో మనసు కలచివేసేవి రెండో పెళ్లిళ్లు. మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆంధ్ర జిల్లాలకు 1949లోనే ద్విభార్యత్వ నిషేధ చట్టం వచ్చింది. 1955 మే 18 నుంచి హిందూ వివాహ చట్టం దేశంలో దాదాపు అంతటా రెండో పెళ్లిని చెల్లదంది. శిక్ష పాత శిక్షాస్మృతి 494 సెక్షన్ కింద ఏడేళ్ల దాకా, మొదటి పెళ్లి దాచి చేసుకుంటే 495 కింద పదేళ్ల దాకా.

ఏడేళ్లు, పదేళ్లు అంటే చిన్న శిక్షలేం కావు. కాని ఇది పోలీసులు తమంతట తాము కేసు కట్టగల నేరం కాదు. మోసపోయిన భార్యే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేసుకోవాలి, సాక్షుల్ని తెచ్చుకోవాలి, వాయిదాలకు తిరగాలి. పోలీస్ స్టేషన్‌కు వెళితే "ఇది మా పరిధి కాదమ్మా, కోర్టులో వేసుకో" అనేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ అన్యాయాన్ని గుర్తించింది. 1992లో చేసిన సవరణతో ఈ సెక్షన్లను కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ చేసింది. దేశంలో చాలా రాష్ట్రాలు చేయని పని అది. ఆ సవరణ విలువ 2011లో తేలింది. ఇక్కడి నుంచి వెళ్లిన ఎ. సుభాష్ బాబు కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు ఈ నేరాన్ని దర్యాప్తు చేయవచ్చు. మొదటి పెళ్లి సంగతి తెలియక మోసపోయిన రెండో భార్య కూడా బాధితురాలే, ఆమె కూడా ఫిర్యాదు చేయవచ్చు.

2024 జులై 1న కొత్త క్రిమినల్ కోడ్‌లు వచ్చాయి. ద్విభార్యత్వం భారతీయ న్యాయ సంహితలో 82వ సెక్షన్ అయింది, శిక్ష మారలేదు. పాత ప్రక్రియా స్మృతి స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత షెడ్యూలులో దీని ఎదురుగా మళ్లీ నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్ అనే రాసి ఉంది. పాత స్మృతికి చేసిన రాష్ట్ర సవరణ ఆ స్మృతితోనే పోతుంది. ఆ రక్షణ నిలవాలంటే రాష్ట్రం కొత్త కోడ్‌ను సవరించుకోవాలి. ఈ ఒక్క పనికి రెండు తెలుగు శాసనసభలూ ఒక పూట కేటాయించాలని నేను గట్టిగా కోరుతున్నాను. 1992లో చేయగలిగినది ఇప్పుడు చేయలేకపోవడానికి కారణం లేదు.

కేసు నడిచినా శిక్ష పడటం కష్టం. రెండో పెళ్లి శాస్త్రోక్తంగా జరిగిందని రుజువు కావాలని 1965లో సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి పెళ్లికి వందమంది సాక్షులుంటారు, రెండోది గుళ్లో నలుగురి మధ్య జరుగుతుంది. ఏడడుగులు వేశారా, హోమం వెలిగించారా అని లాయరు అడిగితే చెప్పేదెవరు? తప్పు చేసినవాడు తన పెళ్లి పెళ్లే కాదని వాదించి బయటపడతాడు. నేరం రుజువైన తమిళనాడు కేసు ఒకదానిలో కోర్టు లేచేదాకా కూర్చోవడమే శిక్షగా వేశారు. 2024 జులైలో సుప్రీంకోర్టు అది శిక్షే కాదని ఆరు నెలల జైలుకు మార్చింది.

ఇక 1992 నాటి రెండో కాగితం. సికింద్రాబాద్ దక్షిణ మధ్య రైల్వే ప్రధాన స్థానం. ఇక్కడ రెండో పెళ్లి కథ చాలాసార్లు పోలీసు స్టేషన్‌లో కాదు, ఉద్యోగి పోయాక సెటిల్‌మెంట్ సెక్షన్‌లో బయటపడుతుంది. సర్వీసు రిజిస్టర్‌లో ఒక పేరు, పాస్‌ల కోసం ఇచ్చిన ఫ్యామిలీ డిక్లరేషన్‌లో ఇంకో పేరు. కిటికీ ముందు ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరి మెడలోనూ అతను కట్టిన తాళి. "సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకోండమ్మా" అని గుమాస్తా అంటే ఇద్దరూ కోర్టు దారి పట్టాలి. రైల్వే ప్రవర్తన నియమాలు భార్య బతికుండగా రెండో పెళ్లి కూడదంటాయి. వ్యక్తిగత చట్టం ఒప్పుకునే వాళ్లు కూడా ముందు అనుమతి తీసుకోవాలి. ఉద్యోగం పోతుందన్న ఆ భయం జైలు భయం కంటే ఎక్కువ పని చేస్తుంది. కాని మనిషి పోయాక ఆ నియమం ఎవరిని పట్టుకోవాలి?

1992 జనవరి 2న రైల్వే బోర్డు ఒక సర్క్యులర్ ఇచ్చింది. రెండో భార్య పిల్లలకు కారుణ్య నియామకం ఇవ్వకూడదని దాని సారాంశం. తండ్రి చేసిన తప్పుకు పిల్లవాడి డిపెండెంట్ ఉద్యోగం పోయింది. హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ మాత్రం చెల్లని పెళ్లిలో పుట్టిన బిడ్డ చట్టబద్ధమైన బిడ్డే అంటోంది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2018 డిసెంబర్ వచ్చింది. వి.ఆర్. త్రిపాఠి కేసులో రెండో భార్య బిడ్డ అన్న కారణంతో దరఖాస్తు తిరస్కరించకూడదంది. సర్క్యులర్ వచ్చినప్పుడు పాలుతాగే పిల్లలు అప్పటికి ఇరవై ఏడేళ్ల వాళ్లయ్యారు.

ఒకే ఏడాది రాష్ట్రం రాసిన కాగితం తప్పు చేసిన మగవాణ్ని వెతికింది, రైల్వే రాసిన కాగితం అతని కొడుకును పట్టుకుంది.

పెళ్లే కాదన్నాక

చట్టం ఒక పెళ్లిని 'చెల్లదు' అన్నప్పుడు అందులో మగవాడు కోల్పోయేది తక్కువ. అతని ఉద్యోగం, ఇల్లు, ఇంటిపేరు అతనివే. ఆమెకు మాత్రం భార్య అన్న హోదా మొదటి రోజు నుంచే లేనట్టు. 1988లో యమునాబాయి కేసులో సుప్రీంకోర్టు ఇదే తర్కంతో రెండో భార్యకు మనోవర్తి లేదంది. 2000లో ఒక బిహార్ కేసులో రెండో భార్య పిల్లలకు కుటుంబ పెన్షన్‌లో వాటా ఇచ్చింది గాని తల్లికి ఇవ్వలేదు. 2013లో కొంత కదలిక వచ్చింది. మొదటి పెళ్లి దాచి మోసం చేసిన భర్త ఆ మోసాన్నే సాకు చూపి మనోవర్తి తప్పించుకోకూడదన్నారు.

2025 మొదట్లో రెండు వారాల తేడాతో రెండు తీర్పులొచ్చాయి. మొదటిది జనవరి 30న, మన తెలంగాణ కేసులో. అందులో ఒక మహిళకు మొదటి భర్తతో తెగిపోయింది. కోర్టు డిక్రీ లేదు, ఇద్దరూ రాసుకున్న ఒప్పంద పత్రం ఉంది. మన ఊళ్లలో ఎన్ని విడాకులు ఇలా స్టాంపు పేపరు మీద జరుగుతాయో అందరికీ తెలుసు. పెద్దలు కూర్చుంటారు, సామాన్లు పంచుతారు, "ఇక మీ దారి మీది" అంటారు, నోటరీ ముద్ర పడుతుంది. ఆచారంగా విడాకులున్న కులాల్లో తప్ప చట్టం ముందు ఆ కాగితానికి విలువ లేదు. ఆమె రెండోసారి చేసుకున్న వ్యక్తికి ఈ సంగతంతా తెలుసు. పెళ్లి రిజిస్టరు చేయించుకున్నారు, పాప పుట్టింది. విడిపోయాక మాత్రం ఆమె మొదటి పెళ్లి ఇంకా రద్దు కాలేదన్న మాట ముందుకొచ్చింది, హైకోర్టు మనోవర్తి తీసేసింది. సుప్రీంకోర్టు దాన్ని తిరిగి ఇప్పించింది. తెలిసి చేసుకున్నవాడు ఆ లోపాన్ని చూపి తప్పించుకోకూడదంది.

రెండోది ఫిబ్రవరి 12న. పెళ్లి చెల్లదని కోర్టు ప్రకటించినా శాశ్వత భరణం అడగవచ్చని ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు. అలాంటి స్త్రీని 'అక్రమ భార్య' అని రాసిన పాత హైకోర్టు తీర్పును గట్టిగా తప్పుపట్టారు. ఈ మాట రావడానికి హిందూ వివాహ చట్టం పుట్టాక డెబ్బై ఏళ్లు పట్టింది. ఆ డెబ్బై ఏళ్లలో కోర్టు వరండాల్లో ఆ మాట విని తల దించుకుని వెళ్లిపోయిన ఆడవాళ్ల లెక్క ఎక్కడా లేదు.

పిల్లల పెళ్లి మాత్రం చెల్లుతుంది

ఇక్కడ చట్టం పూర్తిగా తిరగబడుతుంది. పెద్దవాళ్ల రెండో పెళ్లి మొదటి క్షణం నుంచే చెల్లదు. పద్నాలుగేళ్ల పిల్ల పెళ్లి మాత్రం, ఆమె వద్దనేదాకా, చెల్లుతుంది.

1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఒక పసిపిల్ల ఏడుస్తుంటే ఎయిర్‌హోస్టెస్ ఆరా తీసింది. పక్కన కూర్చున్నది అరవై ఏళ్ల సౌదీ దేశస్థుడు, ఆ పిల్లకు భర్త. విమానం లేచింది సికింద్రాబాద్‌ను ఆనుకుని ఉన్న బేగంపేట నుంచే. ఊరి విమానాశ్రయం 2008 దాకా అదే కదా. పిల్లను ఢిల్లీలో దింపి పోలీసులకు అప్పగించారు, దేశమంతా అట్టుడికింది. అప్పటికి శారదా చట్టానికి అరవై ఏళ్లు దాటాయి.

ఇప్పుడున్న బాల్య వివాహాల నిషేధ చట్టం, 2006లో శిక్షలు గట్టివే. పద్దెనిమిది దాటిన మగవాడు బాలికను పెళ్లాడితే రెండేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చేయించిన పురోహితుడికీ, ప్రోత్సహించిన పెద్దలకూ జైలు ఉంది. స్త్రీలకు మాత్రం జరిమానాయే. కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. ఎత్తుకొచ్చి, అమ్మి, బలవంతంగా చేసిన పెళ్లి అసలే చెల్లదు. మామూలుగా అమ్మానాన్నలు కుదిర్చి చేసిన పెళ్లి అయితే ఆ అమ్మాయే కోర్టులో రద్దు కోరాలి, అది కూడా మేజరయిన రెండేళ్లలోపు. అంటే ఇరవై నిండేలోపు. అప్పటికి చాలామంది చేతిలో బిడ్డ ఉంటుంది, చదువు ఆగిపోయి ఉంటుంది, పుట్టింటికి వెళ్లే దారీ మూసుకుపోయి ఉంటుంది. కర్ణాటక తన సవరణతో ఇలాంటి పెళ్లిని మొదటి నుంచే చెల్లనిదిగా చేసింది. తెలుగు రాష్ట్రాలు ఆ దారిలో వెళ్లాలంటే ఒక జాగ్రత్త కావాలి. చెల్లని పెళ్లిలో స్త్రీకి ఏమవుతుందో ఇందాకే చూశాం. చట్టం ఇప్పటికే ఆ పిల్లకు మనోవర్తి, నివాసం, బిడ్డకు చట్టబద్ధత ఇస్తోంది. సవరణలో వాటిని ఒక్క అక్షరం తగ్గకుండా నిలబెట్టాలి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. శిక్షల కంటే ఎక్కువ మార్పు తెచ్చేది డబ్బు, బడి అని నా నమ్మకం. 2014 అక్టోబర్ 2న తెలంగాణలో మొదలైన పెళ్లి సాయం పథకాలు కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్‌లకు అమ్మాయి పద్దెనిమిది నిండాలన్న షరతు ఉంది. మొదట 51,000గా ఉన్న సాయం 2018కి 1,00,116 అయింది. వయసు ధ్రువపత్రం కోసం తండ్రి ఆఫీసుకు వెళ్లేలా చేసిన పథకం, ఏ జైలు సెక్షనూ వెళ్లని గడపల్లోకి వెళ్లింది.

సంబంధం కుదుర్చుకునేముందు

రెండో పెళ్లి సంబంధం వస్తే, అవతలి వాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా, మొదటి పెళ్లి ఎలా ముగిసిందో కాగితం చూడండి. పంచాయితీ పత్రం, నోటరీ ఒప్పందం, లాయరు నోటీసు ఇవేవీ విడాకులు కావు. కోర్టు ఇచ్చిన డిక్రీ సర్టిఫైడ్ కాపీ కావాలి. భర్త చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం కావాలి. ఉమ్మడి రాష్ట్రం 2002లోనే పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని చట్టం చేసింది కాబట్టి మీ పెళ్లిని రిజిస్టరు చేయించండి, పెళ్లి ఫొటోలు, శుభలేఖ, పురోహితుడి పేరు దాచండి. రేపు ఎవరైనా 'అసలు పెళ్లే జరగలేదు' అంటే ఇవే సాక్ష్యం.

మోసపోయామని తెలిస్తే, పెళ్లి చెల్లదు కాబట్టి మనకేమీ రాదని ఇంట్లో కూర్చోవద్దు. మనోవర్తి, శాశ్వత భరణం అడగవచ్చు. గృహహింస చట్టం, 2005 పెళ్లి లాంటి బంధంలో ఉన్న స్త్రీకి కూడా రక్షణ ఇస్తుంది. లాయరు ఫీజు లేకపోతే కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. మహిళలకు 181, పిల్లలకు 1098 నంబర్లున్నాయి.

డిక్రీ వచ్చిన మర్నాడే ముహూర్తం పెట్టుకునే తొందర కూడా వద్దు. అప్పీలుకు చట్టం ఇచ్చిన గడువు తొంభై రోజులు. అది దాటాక, అవతలి పక్షం అప్పీలు వేయలేదని కోర్టులో కనుక్కున్నాకే శుభలేఖలు అచ్చుకివ్వండి.